హాట్ టబ్ ఉన్న గెస్ట్‌హౌస్‌ల వాళ్లకి

అందరికీ నమస్కారమండి. కాలవలకి కొత్తనీళ్లు వదిలాక ఆ ఎర్రనీళ్లు తిన్నగా టబ్బులోకి పట్టకండి. సంపులో పటిక వేసి, మట్టి అడుక్కి దిగాక పై తేటనీళ్లే వాడండి. బోరు నీళ్లలో ఇనుముంటే క్లోరిన్ తగలగానే గోధుమరంగుకి తిరుగుతాయి. సముద్రం దగ్గర ఉప్పు బోరు అసలొద్దు, హీటర్ తుప్పుపట్టి పోతుంది.

పీహెచ్ 7.2 నుంచి 7.8, క్లోరిన్ కనీసం 3 పీపీఎం (అంటే లీటరుకి 3 మిల్లీగ్రాములు), వేడి 40 డిగ్రీలు దాటకూడదు. వేడికీ బుడగలకీ క్లోరిన్ త్వరగా తగ్గిపోతుంది, పొద్దుటి రీడింగ్ సాయంత్రానికి చెల్లదు. మనుషులు దిగే ముందు ప్రతిసారీ క్లోరిన్, పీహెచ్ చూపించే టెస్ట్ స్ట్రిప్ ముంచి చూడండి. ఇది మాత్రం బద్ధకించొద్దండి. క్లోరిన్ పడిపోయిన వెచ్చని నీళ్లలో లీజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది, బుడగల తుంపరతో ఊపిరితిత్తుల్లోకి వెళ్లి న్యుమోనియా తెస్తుంది.

క్లోరిన్ కోసం 65 శాతం కాల్షియం హైపోక్లోరైట్ పొడి వెయ్యి లీటర్లకి 5 గ్రాములు వేస్తే సుమారు 3 పీపీఎం వస్తుంది. బకెట్‌లో ముందు నీళ్లు, తర్వాత పొడి. పొడి మీద నీళ్లు పొయ్యకూడదు. యాసిడ్ తగిలితే విషవాయువు వస్తుంది. ఈత కొలనుల్లో వాడే ట్రైక్లోర్ బిళ్లలు వద్దు. వాటిలోని సయన్యూరిక్ ఆమ్లం పేరుకుని క్లోరిన్ పని మందగిస్తుంది. ఈ పొడీ ఆ బిళ్లలూ ఒకే డబ్బాలో కలిపితే మంటలు లేవొచ్చు.

గోడ జిగటగా తగిలితే పైపుల్లోనూ పాచి పట్టినట్టే. క్లోరిన్ మందు పెంచి లాభం లేదు. నీళ్లన్నీ తీసేసి, గోడలు తోమి, పైపులు శుభ్రం చేసి, ఫిల్టర్ మార్చండి. తీసేసే నీళ్లలో క్లోరిన్ సున్నాకి దిగాకే వదలండి, చేపల చెరువు వైపు మాత్రం పోనివ్వకండి.