వార్షిక నివేదిక: కార్యదర్శి మాట

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, దీపావళి, ఆదివారం తెలుగు బడి ఎప్పటిలాగే జరిగాయి. ఫొటోలు అందరూ చూసే ఉంటారు. ఈ ఏడాది గట్టిగా చెప్పుకోవాల్సింది మాత్రం ‘యేడర్‌మన్’ సినిమా ప్రదర్శన.

ఇన్నేళ్లుగా ఆస్ట్రియాలో ఉంటున్నాం. సాల్జ్‌బర్గ్ వెళ్తాం, కోట చూస్తాం, చాక్లెట్లు కొనుక్కుని వచ్చేస్తాం. అక్కడి కథీడ్రల్ ముందు 1920లో మొదలై నేటికీ వేసవి ఉత్సవాల్లో ఆడుతున్న ‘యేడర్‌మన్’ నాటకం మనలో ఎందరు చూశారు? ఆస్ట్రియా రచయిత హూగో ఫాన్ హోఫ్‌మన్‌స్టాల్ రాస్తే దర్శకుడు మాక్స్ రైన్‌హార్ట్ 1911లో బెర్లిన్‌లో తొలిసారి ఆడించారు. 1938లో నాజీలు ఆపించారు, యుద్ధం ముగిశాక 1946లో మళ్లీ మొదలైంది. ఆ టికెట్ల ధర మనకు అందేది కాదు కనుక, మాక్స్ కొడుకు గాట్‌ఫ్రీడ్ 1961లో తీసిన సినిమా వేయాలని కమిటీ తీర్మానించింది. ఆ ఏడాది ఆస్కార్‌కు ఆస్ట్రియా పంపింది దీన్నే, నామినేషన్ రాలేదు.

పండగల సీజన్‌లో చావు కథేమిటని కొందరు సణిగారు. వాళ్లే ముందు వరసలో కూర్చున్నారు. ప్రాసల జర్మన్ పెద్దవాళ్లకు అర్థం కాదని బడి టీచర్లు సన్నివేశాలవారీగా తెలుగులో ఒక కాగితం రాసిచ్చారు. అయినా ఇక్కడ చదివే పిల్లలు అమ్మమ్మల చెవుల్లో వ్యాఖ్యానం చెబుతూనే ఉన్నారు.

కథానాయకుడు యేడర్‌మన్ పెద్ద ధనవంతుడు; అతని విందు నడుమ మృత్యువు వస్తుంది. నేస్తం తోడు రానంటాడు, చుట్టాలు జారుకుంటారు. కడకు ధనం పెట్టె తెరిస్తే అందులోంచి ధనానికి రూపమైన మామోన్ లేచి, ఇన్నాళ్లూ నిన్ను ఆడించింది నేనే అంటాడు. అక్కడ ఇండియా నుంచి వచ్చిన ఒక తాతగారు ఉండబట్టలేక బలి చక్రవర్తి పద్యం ఎత్తుకున్నారు. ఎవరూ చెప్పకుండానే ఆపరేటర్ సినిమా ఆపేశారు. పద్యం పూర్తయ్యాకే మళ్లీ వేశారు.

బాకీ కట్టలేనివాణ్ణి జైలుకు పంపినవాడు ఆఖరి గంటలో పశ్చాత్తాపపడితే గట్టెక్కడమేమిటని పులిహోర దగ్గర వాదన మొదలైంది. అజామిళుడు గట్టెక్కలేదా అని మరొకరు. ఆ వాదన ట్రామ్ స్టాపు దాకా నడిచింది. ఇలాంటి సాయంత్రం మన సంఘానికి ఎన్నాళ్లకో దొరికింది.

హాలు కోసం సంబంధిత కార్యాలయానికి పెట్టుకున్న అర్జీకి జవాబు ప్రదర్శన అయిపోయాక వచ్చింది, అదీ ఫారం మార్చి పంపమని. ఆదుకున్నది చర్చి హాలు ఇప్పించిన ఫాదర్‌గారు. వారికి, ప్రదర్శన హక్కుల కోసం కాళ్లరిగేలా తిరిగిన కోశాధికారికి, టీచర్లకు, వంట చేసిన అక్కయ్యలకు, కుర్చీలు మోసిన పిల్లలకు కృతజ్ఞతలు. గ్రూపులో ‘వస్తాం’ అని బొటనవేలు చూపించిన స్వచ్ఛంద సేవకులు ఆ బొటనవేళ్లతో పాటు తక్కిన వేళ్లను కూడా తెచ్చి ఉంటే పిల్లలకు ఆ మోత తప్పేది.

జమాఖర్చులు వెనక పేజీలో ఉన్నాయి. ఆడిటర్ సంతకం చేశారు. సినిమా ఖర్చు విరాళాలతో సరిపోయింది.

కొత్త కమిటీకి పేర్లు భోజనాలకు ముందే ఇవ్వండి. భోజనాలయ్యాక హాల్లో ఎవరు మిగులుతారో పోయిన సభలో చూశాం.

– కార్యదర్శి