రంగం అంటే వాన జోస్యమేనా?

సంపాదకులకు,

సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి బోనాల మర్నాడు జరిగే రంగాన్ని, అంటే ఒక స్త్రీ పూనకంలో అమ్మవారి మాటగా భవిష్యవాణి పలికే ఆచారాన్ని, ఏటా వానలు, పంటల జోస్యంగానే కుదించి రాయడం వెలితిగా తోస్తోంది. 1813లో జంటనగరాల్లో మహమ్మారి ప్రబలినప్పుడు, ఉజ్జయినిలో ఉన్న సైనికులు మొక్కుకోవడం వల్లే ఇక్కడ ఈ గుడి వెలిసిందని చెబుతారు. అంటే దీని మూలం రోగభయమే. ముఖానికి పసుపు పూసుకుని, కాల్చని పచ్చికుండపై నిలబడి, పూనకంలో రంగం చెప్పే స్త్రీ పలుకుతుంటే, పూజల్లో లోపం జరిగిందని కోప్పడిన చోట పూజారులు సైతం చేతులు జోడించి అమ్మను శాంతించమని వేడుకుంటారు. జ్వరానికి మందు వైద్యుడి దగ్గరే ఉంది, సందేహం లేదు. అయినా భయపడిన ఊరు తన భయాన్ని ఒక స్త్రీ గొంతుతో చెప్పించుకునే ఈ తీరు గురించి, ఆమె పాటించే నియమాల గురించి, ఈ ఆషాఢంలోనైనా ఒక వ్యాసం ప్రచురించగలరని మనవి.

ఒక పాఠకుడు,
హైదరాబాద్