పచ్చ టిక్కు పడ్డ బోరు

సంపాదకుడు గారికి,

నమస్కారం. బడిపిల్లల సేవా ప్రాజెక్టుల గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది. నల్గొండ జిల్లాలో ముప్ఫై ఏళ్లకు పైగా హైస్కూలు పిల్లలకు సైన్సు చెప్పి రిటైరైన మాస్టారిని నేను.

దసరా సెలవులకు మా మనవరాలు హైదరాబాదు నుంచి వచ్చింది. సీబీఎస్‌ఈలో తొమ్మిదో తరగతి. వచ్చీ రాగానే, "తాతయ్యా, మన ఊళ్లో నీళ్లు టెస్ట్ చేయాలి, నా ప్రాజెక్టు అదే" అంటూ బ్యాగులోంచి పెన్నులా ఉన్న టీడీఎస్ మీటర్ తీసింది. మాది మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ అనగానే మా ప్రాంతమే గుర్తొస్తుంది కాబట్టి, పిల్లకు మంచి ఆలోచనే వచ్చిందని మురిసిపోయాను. ఇద్దరం పొలాల వైపు నడిచాం.

ఒక చేను దగ్గర బోరు నీళ్లు స్టీలు గ్లాసులో పట్టి మీటర్ ముంచితే 410 చూపించింది. ఆ అంకె ఫోన్‌లో యాప్‌లోకి ఎక్కించగానే పక్కన పచ్చ టిక్కు పడింది. లొకేషన్‌తో సహా ఫొటో తీసుకుంది. పత్తి ఏరుతున్న ముసలమ్మ ఒకామె వచ్చి "మంచియేనా బిడ్డా ఈ నీళ్లు?" అని అడిగితే, "మంచివే, తాగొచ్చు అమ్మమ్మా" అని చెప్పేసింది. రెండు నిమిషాల్లో ఒక బోరు పని అయిపోయింది.

టీడీఎస్ మీటర్ నీళ్లలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో చూసి, కరిగిన లవణాలన్నీ కలిపి ఎంతుంటాయో ఒక అంచనా చెబుతుంది. అందులో ఫ్లోరైడ్ వాటా ఎంతో దానికి తెలియదు. మొత్తం లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచి నీళ్లే అంటాం. ఫ్లోరైడ్‌కు మాత్రం హద్దు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5. నాలుగు వందల్లో ఒకటో రెండో ఎక్కువైతే ఆ మీటర్ కంటికి ఆనదు. ఫ్లోరైడ్ కాచినా పోదు సరికదా, నీళ్లు ఇగిరేకొద్దీ మిగిలిన నీళ్లలో దాని వాటా పెరుగుతుంది.

మర్నాడు నీటి పరీక్షలు చేసే నా పాత శిష్యుడు కిట్ తెచ్చాడు. చిన్న సీసాలో ఆ బోరు నీళ్లు పోసి మందు చుక్కలు వేస్తే, గులాబీ రంగులో ఉండాల్సింది చూస్తుండగానే పసుపులోకి తిరిగింది. చార్టు పక్కన పెడితే 1.5 గడి దాటింది. మా మనవరాలు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి ఆ అమ్మమ్మకి తాగొచ్చని చెప్పేశా కదా" అంది. మళ్లీ చేను దాకా పోయి చెప్పి వచ్చాం. ఇళ్లకు కృష్ణా నీళ్లు వస్తున్నా, ఎండలో పని చేసేవాళ్లకు బోరే దిక్కు మరి.

పిల్లను అని లాభం లేదు. బడి వాళ్లు ఇచ్చిన ఫార్మాట్ చూశాను. ఎన్ని గంటలు పని చేశారు, ఎన్ని ఫొటోలు, ఎన్ని స్లైడ్ల పీపీటీ అని అడిగారు. దేనితో కొలిచారు, అది దేన్ని కొలుస్తుంది, ఫలితం ఎవరికి చెప్పారు అని అడిగే గడి ఒక్కటీ లేదు.

1969లో మొదలైన ఎన్ఎస్ఎస్‌లో (విద్యార్థుల జాతీయ సేవా పథకం) ఏడాదికి 120 గంటలు, వారం రోజుల క్యాంపు అనే లెక్క ఉంది. అప్పట్లోనూ తట్టా పారా పట్టుకుని ఫొటో దిగి వెళ్లిపోయిన వాళ్లు లేకపోలేదు. 2018-19లో సీబీఎస్‌ఈ 'సేవ' పేరుతో 9 నుంచి 12 తరగతులకు ఇలాంటి పనే పెట్టింది. ఇప్పుడు తట్టా పారా పోయి ఫోన్ వచ్చింది. ఫొటో మాత్రం అలాగే ఉంది.

ఈ ఫొటోల గురించి ఇంకో మాట. మా వైపు ఫ్లోరైడ్ నీళ్ల వల్ల కాళ్లు వంకరపోయిన మనుషులను దశాబ్దాలుగా వచ్చినవాళ్లంతా ఫొటోలు తీసుకుపోతూనే ఉన్నారు. వాళ్లను మళ్లీ మంచం మీదినుంచి లేపి నిలబెట్టి స్లైడ్ల కోసం ఫొటో తీయడం సేవ ఎలా అవుతుంది? మా మనవరాలికి అది చేయొద్దని గట్టిగానే చెప్పాను.

టెక్నాలజీ వద్దని ఛాదస్తంగా అనడం లేదు. నిరుడు నవంబరులో మా వీధి పిల్లలు ఇద్దరు, చూపు సరిగా ఆనని పెన్షనర్లకు ఫోన్‌లో ముఖం స్కాన్ చేసి, బతికే ఉన్నామని ఏటా చూపాల్సిన జీవన్ ప్రమాణ్ సర్టిఫికెట్లు పంపించి పెట్టారు. బ్యాంకు మెట్లెక్కే బాధ తప్పింది. ఓటీపీ వాళ్లే చదివి వాళ్లే నొక్కేస్తుంటే నాకు కాస్త టెన్షన్ పుట్టింది కానీ, అది నేర్పితే వచ్చేదే. 2016 నుంచి, పిల్లలు సొంతంగా పరికరాలు చేసి నేర్చుకునే అటల్ టింకరింగ్ ల్యాబులకు బడికి 20 లక్షల దాకా ఇస్తున్నారు. ఇంకో 50 వేల ల్యాబులు ప్రభుత్వ బడుల్లో పెడతామని 2025 బడ్జెట్‌లో చెప్పారు. త్రీడీ ప్రింటర్ పక్కన ఒక ఫ్లోరైడ్ కిట్ పెట్టడం పెద్ద ఖర్చేమీ కాదు. ఒక బ్యాచ్ కొలిచిన బోర్ల పట్టిక తర్వాతి బ్యాచ్ చేతికి అందితే, ఎండాకాలం ఎంత, వానలయ్యాక ఎంత అన్నది నాలుగేళ్లలో ఊరంతటికీ తెలుస్తుంది. విద్యాశాఖ వారు ఆ ఫార్మాట్‌లో 'ఫలితం ఎవరికి అందజేశారు, రసీదు జతచేయండి' అనే గడి ఒకటి చేర్పించగలరా?

మా మనవరాలు ఆ బోరు సంగతి కాగితం మీద రాసి పంచాయతీ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకుంది. శాంపిల్ ల్యాబ్‌కు పంపిస్తామన్నారు. ఈ ఉత్తరం రాసేనాటికి ఇంకా పంపలేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సైన్సు మాస్టారు,
నల్గొండ జిల్లా