నడక సంగతి సరే, యూరిన్ సంగతి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీలో వెన్నుపాము దెబ్బల గురించి వచ్చిన వ్యాసం చదివాను. ఆపరేషన్లు, ఫిజియోథెరపీ, మనిషిని నిలబెట్టి నడిపించే మెషీన్లు, అన్నీ బాగానే రాశారు. కానీ అంత పెద్ద వ్యాసంలో మూత్రం గురించి ఒక్క వాక్యం లేదు. బైక్ యాక్సిడెంట్‌లో నడుము దగ్గర వెన్నుపూస విరిగి వీల్‌చైర్‌కి వచ్చినవాణ్ని కాబట్టి చెప్తున్నా, మాలాంటివాళ్లు మళ్లీ ఇల్లు దాటి పనికి వెళ్లగలరా లేదా అనేది చాలాసార్లు కాళ్ల మీద కాదు, మూత్రాశయం మీద ఆధారపడి ఉంటుంది. చూడ్డానికి వచ్చిన ప్రతి చుట్టమూ "నడుస్తాడంటనా?" అనే అడుగుతాడు. యూరిన్‌కి ఎలా వెళ్తున్నావని అడగడానికి అందరికీ మొహమాటమే, డాక్టర్లలో కూడా కొందరికి.

మూత్రం నిండిందన్న కబురు మెదడుకి వెళ్లేదీ, ఇక వదలమన్న ఆర్డరు కిందికి వచ్చేదీ వెన్నుపాము ద్వారానే. ఆ దారి తెగితే కొందరికి నిండినా తెలియదు, కొందరికి దానంతటదే కారిపోతుంది, కారినా పూర్తిగా ఖాళీ కాదు. మిగిలిపోయిన మూత్రంతో ఇన్‌ఫెక్షన్లు, రాళ్లు, లోపల ఒత్తిడి పెరిగి చివరికి కిడ్నీలకే ఎసరు. ఒకప్పుడు వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లని ఎక్కువగా చంపింది ఇదే. ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్ మూత్రం వచ్చే దారిలోంచి సన్నటి పైపు (కాథెటర్) పెట్టి మూత్రం తీసేసి, వెంటనే పైపు కూడా తీసేసే పద్ధతిని చాలా కట్టుదిట్టంగా, స్టెరిలైజ్ చేసిన సామానుతో నడిపించారు. 1972లో అమెరికాలోని మిషిగన్ యూనివర్సిటీ డాక్టర్ జాక్ లాపిడెస్ ఇంకో అడుగు ముందుకేసి, ఇంత హంగామా అక్కర్లేదు, చేతులు శుభ్రంగా కడుక్కుని పేషెంటే ఇంట్లో వేసుకోవచ్చు, మూత్రాశయం మరీ సాగిపోయేదాకా నిండనివ్వకపోవడమే ముఖ్యం అని చూపించారు. ఇది జరిగి యాభై ఏళ్లు దాటింది సార్. మన దగ్గర ఇప్పటికీ ఎంతోమందిని లోపలే ఉండిపోయే పైపు, పక్కన వేలాడే బ్యాగ్‌తో డిశ్చార్జ్ చేసి, నెలకోసారి మార్పించుకోమని పంపేస్తున్నారు. మెడ దగ్గర దెబ్బ తగిలి చేతులు పనిచేయనివాళ్లకి అది తప్పకపోవచ్చు, కాదనను. కానీ చేతులు బాగా పనిచేసే కుర్రాడికి కూడా ఇంకో దారి ఉందని చెప్పకపోతే ఎలా?

పని చిన్నదే. సబ్బుతో చేతులు కడుక్కోవాలి, మూత్రం వచ్చే చోటు శుభ్రం చేసుకోవాలి, సన్నటి పైపుకి జెల్లీ రాసి నెమ్మదిగా లోపలికి పంపాలి, మూత్రం ఆగాక మెల్లగా తీసేయాలి. పెద్దవాళ్లు ఎక్కువగా వాడేది 12 లేదా 14 సైజు. ఆడవాళ్లు మొదట్లో చిన్న అద్దం పెట్టుకుని నేర్చుకుంటారు, తర్వాత చేతి స్పర్శే చాలు. మామూలుగా నాలుగు నుంచి ఆరు గంటలకోసారి, ఒక్కసారికి 400, 500 మిల్లీలీటర్లు దాటకుండా చూసుకుంటే సరిపోతుంది. దాటుతుంటే టైము దగ్గర చేసుకోవాలి. అంతేగానీ పెళ్లికి వెళ్తున్నామనో బస్సు ఎక్కుతున్నామనో పొద్దున్నుంచి నీళ్లు మానేయడం మాత్రం వద్దు. మనవాళ్లలో బాగా ఉన్న అలవాటు ఇది, రాళ్లని పిలిచి కూర్చోబెట్టుకున్నట్టే.

నేను పనిచేసే చోట నా బ్యాగులో ఒక జిప్ పౌచ్ ఉంటుంది. అందులో పైపులు, జెల్లీ, తడి టిష్యూలు, శానిటైజర్, ఒక కవర్. టైముకి లేచి వెళ్తాను (లేవడమంటే కుర్చీ తిప్పుకోవడం అనుకోండి), పని చూసుకుని వచ్చేస్తాను. డైపర్ వాసన వస్తుందేమో అన్న టెన్షన్ లేదు, కాలికి కట్టిన బ్యాగ్ ప్యాంటు కింద ఎత్తుగా కనిపిస్తుందేమో అన్న బాధ లేదు. భార్యాభర్తల మధ్య కూడా ఆ బ్యాగ్ లేకపోవడం ఎంత తేడానో పేపర్లో ఇంతకంటే రాయలేను, పెళ్లయినవాళ్లకి అర్థమవుతుంది.

అయితే బయట బాత్రూమ్ దొరకాలి కదా. ఫంక్షన్ హాళ్లలో స్టేజీకి లక్షలు పోస్తారు, టాయిలెట్‌కి మాత్రం మూడు మెట్లు, వీల్‌చైర్ పట్టని తలుపు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, రూల్స్ వచ్చిన అయిదేళ్లలో పాత పబ్లిక్ బిల్డింగులన్నీ మాకు వీలుగా మార్చాలి. రూల్స్ 2017లో వచ్చాయి. లెక్క మీరే వేసుకోండి.

ఇంకో రెండు విషయాలు కూడా మీ పేజీలో రావాలి. ఇలా పైపు వేసుకునేవాళ్ల మూత్రంలో ఏ ఇబ్బందీ లేకపోయినా బ్యాక్టీరియా కనిపించడం మామూలే. కొంచెం మబ్బుగా ఉందని ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు పొడిపించుకుంటూ పోతే, నిజంగా చలిజ్వరం వచ్చిన రోజు ఆ మందు పనిచేయకపోవచ్చు. జ్వరం, వణుకు, నడుములో నొప్పి, ఉన్నట్టుండి కాళ్లు ఎక్కువగా బిగుసుకోవడం లాంటివి ఉంటే కల్చర్ టెస్ట్ (మూత్రంలో ఏ క్రిమి ఉందో, దానికి ఏ మందు పనిచేస్తుందో చూసే పరీక్ష) చేయించి మందు వాడాలి. రెండోది, ఛాతీ మధ్య భాగం నుంచి పైన దెబ్బ తగిలినవాళ్లకి ఒక్కసారిగా తల పగిలేంత నొప్పి, చెమటలు పట్టి బీపీ పెరిగిందంటే వెంటనే కూర్చోబెట్టి ముందు మూత్రం నిండిందేమో చూడాలి. ఇంట్లోవాళ్లకి ఈ ముక్క తెలియక ప్రాణం మీదికి వస్తుంది.

ఇక డబ్బు. రోజుకి అయిదు పైపులంటే నెలకి 150. ఒక్కోటి ముప్పై రూపాయలే అనుకున్నా 4,500 అవుతుంది, మా తెలంగాణలో వికలాంగుల పింఛను 4,016. అందుకే చాలామంది ఒకే పైపుని కడిగి ఆరబెట్టి మళ్లీ మళ్లీ వాడుతున్నారు. ప్యాకెట్ మీదేమో ఒక్కసారికే అని ఉంటుంది. పేదలకి ఉపకరణాలు, మందులు ఉచితంగా ఇచ్చే పథకాలు పెట్టాలని అదే చట్టం 24వ సెక్షన్‌లో ఉంది. కృత్రిమ కాలు ఇచ్చేటప్పుడు ఫొటో దిగొచ్చు, పైపుల ప్యాకెట్‌తో ఎవరు దిగుతారు?

తాటిచెట్టు మీద నుంచి పడి నడుము విరిగిన గీత కార్మికులు మా వైపు ఎందరో ఉన్నారు. చెట్టెక్కేవాళ్లకి 2024లో ప్రభుత్వం సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది, సంతోషం. ఇప్పటికే పడిపోయి వసారాలో మంచం మీద ఉన్నవాళ్లకి జిల్లా ఆసుపత్రిలో ఒక నర్సు కూర్చుని ఈ పద్ధతి నేర్పితే చాలామంది మళ్లీ ఏదో ఒక పనికి వెళ్తారు.

మీరు ఒక యూరాలజిస్టుతో, రోజూ ఈ పని నేర్పే ఒక నర్సుతో మాట్లాడి, బొమ్మలు వేసి అరపేజీ ఇవ్వండి. సిగ్గుపడి లోపలి పేజీలో మూలకి వేయొద్దు, ఆదివారం వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
సూర్యాపేట