మా మారుతి 800 ఇంజిన్ హెడ్ కాపాడిన వాళ్లకి కృతజ్ఞతలు

నాన్నగారి మారుతి 800 మళ్లీ మూడు సిలిండర్ల మీదా నడుస్తోంది. కారణమైన వాళ్లకి ఫోన్ చేసి చెప్పాను గానీ మనసు ఆగలేదు, నలుగురి ముందూ చెప్పాలని రాస్తున్నాను.

ఒక చోట సర్వీసింగ్‌లో స్పార్క్ ప్లగ్‌ని వంకరగా ఎక్కించి స్పానర్‌తో బలవంతంగా బిగించారు. ప్లగ్ ఉక్కు, అది బిగిసే హెడ్ (సిలిండర్ల మీది మూత) అల్యూమినియం. పోయేది ఎప్పుడూ అల్యూమినియమే. మధ్య సిలిండర్‌లో ప్లగ్‌ని పట్టి ఉంచే మరలు (స్క్రూ గాళ్లు) లేచిపోయి, ప్లగ్ ఎంత తిప్పినా తిరుగుతూనే ఉంది. హెడ్ మార్చాల్సిందే అన్నారు. అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్లే బండి అది. చాలా టెన్షన్ పడ్డాను.

మా వీధిలో ఉండే రిటైర్డ్ ఆర్టీసీ మెకానిక్ బాబాయ్ గారు టార్చి వేసి చూసి, "పగులు లేదురా, మర ఒక్కటే పోయింది. హెలికాయిల్ వేద్దాం, హెడ్ దింపక్కర్లేదు" అన్నారు. ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది. హెలికాయిల్ అంటే స్ప్రింగ్‌లా చుట్టిన స్టెయిన్‌లెస్ స్టీల్ తీగ. పాత రంధ్రంలో కొంచెం పెద్ద మర కోసి దాన్ని ఎక్కిస్తే, లోపల మళ్లీ 14 మి.మీ. మర, 1.25 మి.మీ. పిచ్‌తోనే (మరల మధ్య దూరం) వస్తుంది. పాత సైజు ప్లగ్గే పడుతుంది.

నా భయమంతా మర కోసేటప్పుడు రాలే లోహపు రజను సిలిండర్‌లో పడుతుందేమోనని. ఆయన ట్యాప్ (మర కోసే పనిముట్టు) గాళ్ల నిండా గ్రీజు పెట్టించారు, రజను దానికే అంటుకుంటుంది. ముందుకి కాస్త తిప్పడం, వెనక్కి కాస్త తిప్పడం, బయటికి తీసి తుడిచి మళ్లీ గ్రీజు పెట్టడం. ట్యాప్ నిటారుగా ఉందా లేదా అని ప్రతిసారీ వంగి చూసేవారు. ఆ వయసులో మా వాకిట్లో ఎండలో నిలబడి, ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు. కోత అయ్యాక ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకునేలా ఇంజిన్‌ని చేత్తో తిప్పి, గాలి కొట్టించారు. మిగిలిన రజను అటు నుంచి పోవాలని. కాయిల్ పై అంచు ప్లగ్ వాషర్ కూర్చునే చోటు కంటే కిందికే ఉండాలని పట్టుబట్టారు, లేకపోతే కంప్రెషన్ (సిలిండర్‌లో నొక్కుకున్న గాలి ఒత్తిడి) లీకవుతుంది. కొత్త ప్లగ్‌ని చివరిదాకా చేత్తోనే తిప్పించి, వాషర్ ఆనాక స్పానర్‌తో సుమారు అర చుట్టు మాత్రమే బిగించనిచ్చారు.

విజయవాడ ఆటోనగర్‌లోని లేత్ షాపు అన్నకీ రుణపడి ఉన్నాను. నేను ఆయనకి ముక్కూ మొహం తెలియని మనిషిని. అయినా ట్యాప్ చేతిలో పెట్టి, "పనయ్యాక తెచ్చివ్వండి" అన్నారు. అద్దె ఇవ్వబోతే తీసుకోలేదు. పంక్చర్ షాపు తమ్ముడు కంప్రెసర్‌ని ఇంటిదాకా మోసుకొచ్చి, టీ తాగి వెళ్లిపోయాడు.

తర్వాత గేజ్ పెట్టి చూస్తే మధ్య సిలిండర్ కంప్రెషన్ మిగతా రెండింటితో సమానంగా ఉంది. అమ్మ చెకప్‌కి ఆ బండిలోనే వెళ్లొచ్చాం.

బాబాయ్ గారూ, అన్నా, తమ్ముడూ, మీ మేలు మరిచిపోను. 14 మి.మీ. కాయిల్స్ కొన్ని నా దగ్గర మిగిలాయి. విజయవాడ చుట్టుపక్కల ఎవరికైనా ఇదే ఇబ్బంది వస్తే అడగండి, ఊరికే ఇస్తాను. సాయానికి నేనూ వస్తాను.