అనకాపల్లి బెల్లం వైజాగ్‌లో వెతుక్కోవాలా?

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న సంక్రాంతికి అరిసెలు చేద్దామని ఇంటి దగ్గర ఒక పెద్ద షాపులో బెల్లం ప్యాకెట్ కొన్నాను, పసుప్పచ్చగా మెరిసిపోతోంది, తీరా ఇంటికొచ్చి వెనకాల చదివితే ప్యాక్ చేసింది మహారాష్ట్రలో. నిజంగా బాధేసిందండి. బస్సెక్కితే అనకాపల్లి ఎంత దూరమని, దేశమంతా తెలిసిన బెల్లం మార్కెట్ అక్కడుంటే మనం వేరే రాష్ట్రం బెల్లంతో పాకం పడుతున్నాం.

పండగ తర్వాత చోడవరం దగ్గర మా తోటికోడలి పుట్టింటికెళ్ళినప్పుడు బెల్లం వండే చోటికి కూడా వెళ్ళాం. పెనం దగ్గర ఉన్న పెద్దాయన్ని ఎర్ర బెల్లం ఎందుకు తక్కువ వండుతున్నారు అనడిగితే "ఎర్రగుంటే ఎవులు కొంతారమ్మా, తెల్లగుంటేనే రేటు" అన్నాడు. ఆ తెలుపు కోసమే చాలాచోట్ల హైడ్రోస్ అనే కెమికల్ కలుపుతారు, ఆ మందు వెయ్యని బెల్లం ఎర్రగానే ఉంటుంది, దానికి ధర రాదు. అంటే ఇందులో రైతు తప్పు కన్నా రంగు చూసి కొనే మన తప్పే ఎక్కువనిపించింది నాకు. అక్కడి నుంచి ఒక ఎర్ర దిమ్మ తెచ్చుకున్నాను, ఇప్పుడు మా ఇంట్లో అదే వాడుతున్నాం.

బెల్లం ఒక్కటే కాదు, పాడేరు పసుపు, మన చోళ్ళు (రాగులు), సామలు, గానుగ నూనె అన్నిటిదీ ఇదే కథ. గిరిజన కోఆపరేటివ్ కార్పొరేషన్ 1956 నుంచి ఉంది, హెడ్డాఫీసు వైజాగ్‌లోనే, వాళ్ళ తేనె, కాఫీ మేం కొంటూనే ఉంటాం. అరకు కాఫీకి 2019లో జీఐ ట్యాగ్, అంటే ఫలానా ప్రాంతం సరుకని ఇచ్చే గుర్తింపు, కూడా వచ్చింది, సంతోషమే. కానీ ఊళ్ళలో పదిమంది ఆడవాళ్ళు కలిసి చోడిపిండి ఆడించి ప్యాక్ చేస్తే వాళ్ళు ఎక్కడ అమ్ముకోవాలి? చిన్న ఫుడ్ యూనిట్లకని కేంద్రం 2020లో తెచ్చిన స్కీములో ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సబ్సిడీ పెట్టారు, దాంతో మిషన్ వస్తుంది సరే, సరుకు పెట్టుకోడానికి సిటీలో చోటు దొరకాలి కదా, పెద్ద షాపుల అరల్లోకి వీళ్ళు ఎలాగూ వెళ్ళలేరు.

రైతుబజార్లు 1999లో పెట్టింది మధ్యలో దళారి లేకుండా రైతే అమ్ముకోవాలని. కూరగాయలకి అది బాగానే నడుస్తోంది, సీతమ్మధారకైనా ఎంవీపీకైనా పొద్దున్నే వెళ్తే ఆ జనమే చెప్తారు. అదే బజార్లో ఒక్క వరస బెల్లం, పసుపు, పిండి, నూనె చేసేవాళ్ళకి ఇవ్వమని అధికారులని అడుగుతున్నాను, ప్యాకెట్ మీద ఊరి పేరు, ఆడించిన తేదీ తెలుగులో పెద్దక్షరాలతో రాయించండి, బెల్లంలో మందు వేశారో లేదో అప్పుడప్పుడు టెస్ట్ చేయించి రిజల్టు కూరగాయల రేట్ల బోర్డు పక్కనే పెట్టండి. ఎర్ర బెల్లానికి రెండు రూపాయలు ఎక్కువైనా ఇస్తాం, మా వీధిలో ఇప్పటికే ఆరేడు ఇళ్ళవాళ్ళు నాకు తెప్పించు అంటే నాకు తెప్పించు అంటున్నారు, ప్రతిసారీ చోడవరం వెళ్ళి మోసుకురావడం మాత్రం నా వల్ల కావట్లేదు.

ఇట్లు,
ఒక గృహిణి, మర్రిపాలెం, విశాఖపట్నం