హేల్ బహుమతి, మన బడి సూర్యమచ్చల రిజిస్టరు

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల నుంచి 8, 9 తరగతుల పిల్లలు బడి ఉన్న ప్రతి ఉదయం సూర్యబింబాన్ని కాగితం మీద పడేలా చేసి, దాని మీది మచ్చలను గీసి లెక్కపెడతారు. ఇది ఎందుకు మొదలుపెడుతున్నామో, ఎలా చేస్తామో, ఇంట్లో మీరు ఏ విషయంలో గట్టిగా ఉండాలో ఈ ఉత్తరంలో రాస్తున్నాం. కళ్ల భద్రత గురించి ఉన్న భాగాన్ని మాత్రం దయచేసి పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

సూర్యుడి మీద పరిశోధనకు ఇచ్చే పురస్కారాల్లో పేరున్నది జార్జ్ ఎలరీ హేల్ బహుమతి. అమెరికన్ ఆస్ట్రనామికల్ సొసైటీలోని సౌరభౌతిక విభాగం దీన్ని ఇస్తుంది. ఏళ్ల తరబడి చేసిన కృషిని చూసి ఇచ్చే బహుమతి ఇది. అమెరికా ఖగోళ శాస్త్రవేత్త హేల్ 1908లో కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్ వేధశాలలో సూర్యమచ్చల వెలుగును వర్ణపటంగా విడదీసి చూస్తే అందులోని గీతలు చీలి కనిపించాయి. బలమైన అయస్కాంత క్షేత్రం ఉన్నచోటే గీతలు అలా చీలుతాయని డచ్ శాస్త్రవేత్త జీమన్ అప్పటికే ప్రయోగశాలలో చూపించి ఉన్నాడు. భూమికి వెలుపల అయస్కాంత క్షేత్రం ఉందని మనిషికి తెలిసింది అప్పుడే. అయస్కాంత క్షేత్రాన్ని గాస్‌లలో కొలుస్తారు. మచ్చలో అది రెండు మూడు వేల గాస్‌ల దాకా ఉంటుంది. మన భూమి మీద ఉండేది సుమారు అర గాస్. అంత బలమైన క్షేత్రం లోపలి వేడి వాయువును పైకి పొంగి రానివ్వదు. అందుకే చుట్టుపక్కల 5,500 డిగ్రీల సెల్సియస్ ఉంటే, మచ్చ నడుమ అంతకన్నా వెయ్యిన్నర, రెండు వేల డిగ్రీలు తక్కువగా ఉండి నల్లగా కనిపిస్తుంది.

హేల్ బహుమతి మొదట అందుకున్నది యూజీన్ పార్కర్, 1978లో. సూర్యుడి నుంచి అన్ని దిక్కులకూ ఆగకుండా కణాల ప్రవాహం వీస్తుంటుందని, అంటే సౌరపవనం ఉందని, ఆయన 1958లో లెక్కగట్టి రాశాడు. ఆ వ్యాసాన్ని పరిశీలించిన ఇద్దరూ వద్దన్నారు. పత్రిక సంపాదకుడైన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్‌కూ ఆ ఊహ నచ్చలేదు, కానీ లెక్కలో తప్పు దొరకలేదు కాబట్టి అచ్చువేశారు. 1962లో మెరీనర్-2 అంతరిక్ష నౌక ఆ పవనాన్ని నేరుగా కొలిచింది. నచ్చకపోవడం వేరు, తప్పు కావడం వేరు అన్న ఈ తేడా మన పిల్లలకు తెలియాలని మా కోరిక. మార్కుల కోసం చదివే పుస్తకాల్లో ఇది ఎక్కడా తగలదు.

2018లో ఈ బహుమతి యేల్ విశ్వవిద్యాలయంలో పనిచేసే సర్బాణీ బసుకు వచ్చింది. దీన్ని అందుకున్న మొదటి మహిళ ఆమె. చదువంతా మద్రాసు, పుణే, ముంబయిలలో సాగింది. ఆమె రంగం సూర్యకంపాల అధ్యయనం. సూర్యుడి ఉపరితలం సుమారు ఐదు నిమిషాలకోసారి పైకీ కిందికీ ఊగుతుంటుంది. లోపల తిరుగాడే ధ్వని తరంగాలు దానికి కారణం. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి, మోతను బట్టి లోపల బీట ఉందో లేదో చెప్పినట్టు, ఆ ఊపుల లెక్కను బట్టి సూర్యుడి లోపల ఏముందో చెప్పవచ్చు. సూర్యుడిలో వాయువు కుతకుతలాడుతూ పైకి పొంగే పొర ఎంత లోతు నుంచి మొదలవుతుందో బసు, ముంబయిలోని టాటా పరిశోధన సంస్థ టీఐఎఫ్‌ఆర్‌కు చెందిన అంటియా కలిసి 1997లో తేల్చారు. సూర్యుడి వ్యాసార్ధాన్ని 1 అనుకుంటే కేంద్రం నుంచి 0.713 దగ్గర. మూడో దశాంశ స్థానం దాకా! మనిషి ఎన్నటికీ వెళ్లలేని చోటు గురించి ఇంత కచ్చితంగా చెప్పగలగడం ఎంత గొప్ప సంగతో పిల్లలకు వివరించేటప్పుడు మాకే మాటలు చాలవు.

ఆ కచ్చితత్వం ఎడతెగని రికార్డు నుంచి వస్తుంది. ఒక్క ఊరి నుంచి చూస్తే రాత్రి పడగానే కొలత ఆగిపోతుంది. రోజూ పడే ఆ ఖాళీ వల్ల లెక్కలో నిజంగా లేని ఊపులు ఉన్నట్టు కనిపిస్తాయి. అందుకే 1995లో భూమి చుట్టూ ఆరుచోట్ల ఒకే రకం పరికరాలు పని మొదలుపెట్టాయి. అందులో ఒకటి మన ఉదయపూర్‌లో ఉంది. అక్కడి సౌర వేధశాలను ఫతేసాగర్ చెరువు నడుమ దీవి మీద కట్టారు. నేల ఎండకు త్వరగా వేడెక్కి పైగాలిని మరిగిస్తుంది, బింబం వణుకుతుంది. చుట్టూ నీళ్లుంటే ఆ వణుకు తగ్గుతుంది. మనం టెలిస్కోపును డాబా మీద కాకుండా మైదానంలో పచ్చిక మీద పెట్టబోయేది కూడా ఇందుకే. సిమెంటు స్లాబు ఉదయం తొమ్మిదిన్నరకల్లా కాగిపోతుంది.

సూర్యుణ్ని గమనించడం మన తీరానికి కొత్త కాదు. గోడే వెంకట జగ్గారావు గారు 1840 ప్రాంతంలో విశాఖలోని దాబాగార్డెన్స్‌లో సొంత ఖర్చుతో వేధశాల పెట్టారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని నడిపి, 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని ఇక్కడి నుంచే పరిశీలించారు. 1868 ఆగస్టు 18 సంపూర్ణ గ్రహణాన్ని గుంటూరు నుంచి చూసిన ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్, సూర్యుడి అంచున లేచే జ్వాలలను గ్రహణం లేనప్పుడు కూడా వర్ణపటంతో చూడవచ్చని ఆ మర్నాడే కనుక్కున్నాడు.

ఇక పని సంగతి. మనం వాడేది 60 మిల్లీమీటర్ల కటకం, 700 మిల్లీమీటర్ల నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) ఉన్న మామూలు టెలిస్కోపు. దానికి 25 మిల్లీమీటర్ల ఐపీస్ (మామూలుగా కన్ను పెట్టి చూసే చివర బిగించే కటకాల గొట్టం) పెట్టి, వెనక 60 సెంటీమీటర్ల దూరంలో తెల్ల కాగితం అంటించిన అట్టను బిగిస్తే 15 సెంటీమీటర్ల సూర్యబింబం పడుతుంది. కాగితం మీద ముందే 15 సెంటీమీటర్ల వృత్తం గీసి ఉంటుంది. ఈ కొలతలో ఒక మిల్లీమీటరు అంటే సుమారు 9,300 కిలోమీటర్లు. మన భూమి ఒకటిన్నర మిల్లీమీటరు కూడా రాని చుక్క.

ఐపీస్ హైగెన్స్ రకానిదే వాడతాం. అందులో రెండు గాజు కటకాలు విడివిడిగా ఉంటాయి. ఖరీదైన ఐపీసుల్లో కటకాలను జిగురుతో అంటిస్తారు. సూర్యుడి వేడికి ఆ జిగురు పాడవుతుంది. లోపల ప్లాస్టిక్ రింగు ఉన్నవైతే కరిగిపోతాయి. అయినా మూడు నాలుగు నిమిషాలకోసారి గొట్టాన్ని సూర్యుడి మీద నుంచి తిప్పి చల్లారనివ్వాలి. గురిచూసే చిన్న టెలిస్కోపును ముందే విప్పి పక్కన పెట్టేస్తాం. గురి కుదిరిందో లేదో గొట్టం నీడను చూసి తెలుసుకోవాలి: నేల మీద నీడ ఎంత చిన్నదైతే గురి అంత దగ్గర. గొట్టానికి ముందువైపు పెద్ద అట్టను కాలరులా తొడిగితే కాగితం మీద నీడ పడి మచ్చలు తేటగా కనిపిస్తాయి.

బింబం వృత్తంలో నిలవదు. భూమి తిరగడం వల్ల రెండు నిమిషాల్లో పూర్తిగా పక్కకు జరిగిపోతుంది. ఇది చికాకే అయినా పనికొచ్చే చికాకు. గొట్టాన్ని కదపకుండా వదిలేసి, ఒక మచ్చ జరిగిన దారిని గీత గీస్తే అదే తూర్పు పడమరల గీత. బింబం ఏ అంచు ముందుగా బయటికి పోతుందో అది పడమర. ఈ గీత లేని బొమ్మను రిజిస్టరులో ఎక్కించం. దిక్కు తెలియకపోతే నిన్నటి మచ్చ ఈరోజు ఎక్కడికి చేరిందో చెప్పలేం. సూర్యుడు తన చుట్టూ తాను తిరగడం వల్ల ఒక మచ్చ ఈ అంచు నుంచి ఆ అంచుకు చేరడానికి పదమూడు రోజుల పైన పడుతుంది. ఇది పుస్తకంలో చదవడం కాదు, పిల్లలు తమ బొమ్మల్లోనే చూస్తారు. అట్ట గొట్టానికి సరిగ్గా అడ్డంగా లేకపోతే బింబం కోడిగుడ్డు ఆకారంలో పడుతుంది. అట్టను సరిచేశాకే పెన్సిలు పట్టాలి.

మొదటి వారంలో అందరూ తడబడేది దుమ్ము దగ్గర. కాగితం మీద నల్లచుక్క కనిపించగానే మచ్చ అనుకుంటారు. అట్టను మెల్లగా కదపండి: చుక్క అట్టతోపాటు కదిలితే అది కాగితం మీది మరక. ఐపీసును తిప్పితే చుక్క కూడా తిరిగితే అది ఐపీసు మీది దుమ్ము. రెండింటికీ కదలకుండా బింబాన్ని అంటిపెట్టుకుని ఉన్నదే మచ్చ. దాని చుట్టూ బూడిదరంగు అంచు కూడా కనిపిస్తే ఇక సందేహమే అక్కర్లేదు.

లెక్క పద్ధతి స్విట్జర్లాండుకు చెందిన రుడాల్ఫ్ వోల్ఫ్ 19వ శతాబ్దం నడుమ పెట్టినది. గుంపుల సంఖ్యను పదితో గుణించి విడి మచ్చల సంఖ్య కలపాలి. మూడు గుంపులు, వాటిలో మొత్తం పదకొండు మచ్చలుంటే 30కి 11 కలిపి 41. ఒంటరి మచ్చ కూడా ఒక గుంపే, అంటే 11. నెల చివర మన సగటును బెల్జియం రాజ వేధశాల బ్రస్సెల్స్ నుంచి ప్రకటించే సగటుతో పోలుస్తాం. చిన్న టెలిస్కోపు కాబట్టి మనది తక్కువే వస్తుంది. వాళ్లది 90, మనది 60 అయితే నిష్పత్తి 1.5. వచ్చే నెల 100కి 66 వస్తే దాదాపు అదే నిష్పత్తి, అంటే పిల్లలు నికరంగా చూస్తున్నారన్నమాట. నెలనెలా నిష్పత్తి ఎగుడుదిగుడుగా ఉంటే ఎక్కడో పద్ధతి మారింది. ఎక్కువ మచ్చలు చూసినవాళ్లను మెచ్చుకోవద్దని టీచర్లకు చెప్పాం. ఇంట్లో మీరూ అలాగే ఉండండి. మెచ్చుకుంటే లేని మచ్చలు పుట్టుకొస్తాయి.

రిజిస్టరులో ఒక నియమం అన్నిటికన్నా ముఖ్యం. ఆకాశం తేటగా ఉండి మచ్చ ఒక్కటీ కనిపించకపోతే సున్నా రాయాలి. మబ్బు పట్టి చూడలేకపోతే గడి ఖాళీగా వదలాలి. రెండూ ఒకటి కావు. 2008లో 260కి పైగా రోజులు సూర్యుడి మీద మచ్చే లేదు. అంత సుదీర్ఘమైన నిశ్శబ్దం ఎందుకు వచ్చిందో, సూర్యుడి లోపలి ప్రవాహాల వేగంతో ముడిపెట్టి వివరించిన బృందానికి ముందున్నది కోల్‌కతాలోని శాస్త్ర విద్యా పరిశోధన సంస్థ ఐఐఎస్‌ఈఆర్‌కు చెందిన దిబ్యేందు నంది. అదే సౌరభౌతిక విభాగం యువ పరిశోధకులకు ఇచ్చే కరెన్ హార్వీ బహుమతి 2012లో ఆయనకు వచ్చింది. ఎవరో రోజూ చూసి సున్నా అని రాసి ఉంచకపోతే ఆ ప్రశ్నే పుట్టేది కాదు. కాబట్టి మీ అమ్మాయి ఇంటికొచ్చి ఈరోజు సున్నా అంటే, ఏమీ జరగలేదని అనకండి. మచ్చల సంఖ్య సుమారు పదకొండేళ్లకోసారి పెరిగి తగ్గుతుంటుంది. ఇప్పటి చక్రం 2024లో ఉచ్చస్థాయికి చేరింది, ఇక మీద తగ్గుముఖమే. రానున్న ఏళ్లలో సున్నాలు మళ్లీ పెరుగుతాయి.

మన ఊళ్లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా గడులు ఎక్కువ ఖాళీగా ఉంటాయి, అక్టోబరు, నవంబరుల్లో తుఫాను రోజులూ అంతే. డిసెంబరు నుంచి మార్చి దాకా బాగుంటుంది. పరిశీలన ఎనిమిదిన్నరకు. అంతకుముందు సముద్రం మీది మంచుతెర అడ్డం, ఆలస్యమైతే నేల వేడి, సముద్రపు గాలి. బీచ్ రోడ్డుకు దగ్గర్లో ఉన్నవాళ్లు సొంత టెలిస్కోపు కొంటే మరో జాగ్రత్త: ఉప్పుగాలి తేమకు కటకం మీద సాలెగూటి దారాల్లాంటి బూజు పడుతుంది, అది గాజును తినేస్తుంది. మూతపెట్టిన డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. గుడ్డతో కటకం తుడవకండి, రబ్బరు బుడ్డితో గాలి ఊదండి.

కళ్ల గురించి. టెలిస్కోపులోంచి, బైనాక్యులర్లలోంచి సూర్యుణ్ని చూడటమంటే ఒక్క క్షణంలో చూపు పోగొట్టుకోవడమే. కంటి లోపలి తెర రెటీనాకు నొప్పి తెలియదు. కాలినప్పుడు ఏమీ అనిపించదు, కొన్ని గంటలయ్యాక చూపు మధ్యలో మచ్చ తెలుస్తుంది. ఐపీసుకు బిగించే చిన్న నల్ల గాజు ఫిల్టరు మీ దగ్గరుంటే పగలగొట్టి పారేయండి. అది వేడికి చిట్లుతుంది, అప్పుడు కన్ను దాని వెనకే ఉంటుంది. ఎక్స్‌రే ఫిల్ములు, మసి పూసిన గాజు, సీడీలు, కూలింగ్ గ్లాసులు ఏవీ పనికిరావు. గ్రహణం రోజున పళ్లెంలో నీళ్లు పోసి అందులో చూడటం మన ఇళ్లలో అలవాటు. నీరు వెలుగులో వందకు రెండు వంతులు వెనక్కి పంపుతుంది. సురక్షితమైన ఫిల్టరు వదిలేది లక్షో వంతు మాత్రమే. కాబట్టి పళ్లెం కూడా వద్దు.

బడిలో టెలిస్కోపు పక్కన టీచరు ఎప్పుడూ నిలబడే ఉంటారు, గొట్టాన్ని ఒంటరిగా వదలరు. అట్ట మీద పడిన బింబాన్ని మాత్రమే పిల్లలు చూస్తారు, అదీ సూర్యుడికి వీపు పెట్టి నిలబడి. ఐపీసు దగ్గరికి ముఖం తెచ్చిన పిల్లవాణ్ని ఆ వారం పరిశీలన నుంచి తప్పిస్తాం. ఈ విషయంలో బతిమాలినా మార్పు ఉండదు, మన్నించండి.

మీ వంతుగా మూడు కావాలి: టోపీ, నీళ్ల సీసా, రెండు హెచ్‌బీ పెన్సిళ్లు. బాల్ పెన్ను వద్దు, మచ్చల అంచులు దిద్దడానికి వీలుండదు. తమ వంతు వచ్చిన రోజున పిల్లలు ఎనిమిదింపావుకల్లా మైదానంలో ఉండాలి. దీనితో పంపిన అనుమతి పత్రం మీద సంతకం చేసి, కంటి సమస్యలేమైనా ఉంటే అందులోనే రాసి, శుక్రవారంలోగా క్లాస్ టీచరుకు అందజేయండి. నెలకోసారి శనివారం మధ్యాహ్నం ఆ నెల బొమ్మలన్నీ సైన్స్ గదిలో వరసగా గోడకు పెడతాం. వచ్చి మీ పిల్లలు గీసిన మచ్చ ఒక చివర నుంచి మరో చివరకు ఎలా నడిచిందో చూడండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు
విశాఖపట్నం